కంపోజింగ్‌లో చిక్కిన మన రాతలు

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం.



ఈ రోజు మేము మాట్లాడదలచిన అంశం పైకి చూస్తే డి.టి.పి. సెంటరు వాళ్ళ వ్యవహారంలా కనబడుతుంది. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మేటరును ఆఫీసు ప్రోగ్రాముల్లోకి, అంటే మైక్రోసాఫ్ట్ వర్డ్‌లోకో లిబ్రే ఆఫీస్ రైటర్‌లోకో తెచ్చుకొని దిద్దుకోవటం ఎలా అన్నదే ఆ అంశం. "ఇందులో సమాజసేవ ఏముందండీ మాస్టారూ?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. ఉన్నదనే మా మనవి. కాస్త ఓపికగా వినండి.

మన సొసైటీ రాతలు ఏమేమి ఉన్నవో ఒకసారి తలచుకోండి. నిబంధనావళి ఉన్నది. సభ్యుల జాబితా ఉన్నది. ఖబరస్తాన్ హద్దుల వివరం ఉన్నది. విద్యార్థి వేతనాలు అందుకొన్న పిల్లల పేర్లు ఉన్నవి. సంవత్సరం సంవత్సరం వేసిన సావనీర్లు ఉన్నవి. వాటిలో మన పెద్దలు తెలుగులోను, ఉర్దూలోను రాసిన వ్యాసాలున్నవి. ఆ పెద్దల్లో కొందరు నేడు మన మధ్య లేరు. అల్లాహ్ వారికి మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఇవన్నీ అచ్చయినవి, బీరువాలో ఉన్నవి, సంతోషమే. కాని వాటిలో ఒక్క మాట మార్చవలసి వస్తే మన చేతిలో ఏముంది? అచ్చు కాగితం ఉంది. దాని వెనుక ఉన్న ఫైలు మాత్రం మనకు తెరుచుకోదు. తెరుచుకొన్నా అక్షరాలు కనబడవు.

మార్చవలసిన అవసరం ఎందుకొస్తుందంటారా? 2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో జిల్లాలు విభజించారు. అంతవరకు కాకినాడ ముఖ్యపట్టణంగా ఉన్న తూర్పు గోదావరి నుంచి కాకినాడ, కోనసీమ వేరు జిల్లాలైనవి. తూర్పు గోదావరికి రాజమహేంద్రవరం ముఖ్యపట్టణమైనది. కొవ్వూరు, నిడదవోలు వాళ్ళు ఉన్నచోటనే ఉండి పశ్చిమం నుంచి తూర్పుకు వచ్చారు. పశ్చిమ గోదావరికి భీమవరం ముఖ్యపట్టణం కాగా, ఏలూరు విడిగా ఒక జిల్లా అయినది. అలాంటప్పుడు దరఖాస్తులలో, చిరునామాలలో, జాబితాలలో జిల్లా పేరు మార్చక తప్పుతుందా? ఆ తరువాత 2025 జూన్ 6న కేంద్ర ప్రభుత్వం ఉమీద్ పోర్టల్ ప్రారంభించి, వక్ఫ్ ఆస్తుల వివరాలు అందులో ఎక్కించాలన్నది. ముతవల్లీలు పాత కాగితాలు పట్టుకొని తిరగటం మనమందరం చూశాము. వివరం చేతిలో ఉండటం వేరు, ఆ వివరాన్ని కావలసినచోట కావలసిన రూపంలో పెట్టగలగటం వేరు. ఈ తేడాయే నేటి మా మాటలకు మూలం.

ఇక అసలు చిక్కు ఎక్కడ ఉన్నదో చూద్దాం.

మనం అచ్చులో చూసేది అక్షరం ఆకారం. కంప్యూటరు లోపల ఉండేది ఒక నెంబరు. ఏ నెంబరుకు ఏ అక్షరం అన్న ఒప్పందం ఉంటేనే ఒక కంప్యూటరులో రాసినది ఇంకొక కంప్యూటరు చదవగలదు. మా బడిలో పిల్లల హాజరు నెంబర్లు ఉంటాయి గదా, అలాంటిదే. ఒక తరగతిలో 12వ నెంబరు అంటే యూసుఫ్, పక్క తరగతిలో 12వ నెంబరు అంటే సత్యనారాయణ. పట్టీ లేకుండా నెంబరు ఒక్కటే చూసి పిలిస్తే ఎవరు లేచి నిలబడతారు?

ప్రపంచంలోని భాషలన్నిటికీ కలిపి ఒకే పట్టీ ఉండాలని 1991లో యూనికోడ్ మొదటి ప్రతి వెలువడింది. దాని ప్రకారం తెలుగు 'క'కు నెంబరు 3093. ఉర్దూ, అరబీల 'అలిఫ్'కు 1575. ఈ నెంబర్లు రాజమండ్రిలోనైనా, రియాద్‌లోనైనా, అమెరికాలోనైనా మారవు. మీరు వాట్సాప్‌లో తెలుగులో పంపిన మాట అవతలివాళ్ళ ఫోనులో తెలుగుగానే కనబడటానికి కారణం ఇదే.

కాని మన ప్రింటింగు పని ఈ పట్టీ వాడుకలోకి రాకముందే కంప్యూటరు మీదికి ఎక్కింది. తెలుగు సంగతి తీసుకోండి. పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాము 1985లో ఆల్డస్ అనే కంపెనీ తెచ్చింది. 1994లో ఆ కంపెనీని అడోబీ కొనుక్కొంది. 2001లో వచ్చిన 7వ వెర్షనుతో దాని అభివృద్ధి ఆగిపోయింది. ఆ పేజ్‌మేకర్‌లో తెలుగు కొట్టటానికి అను, శ్రీలిపి వంటి ఫాంట్లు వచ్చినవి. వీటిని తయారుచేసినవారు తప్పు చేశారని మేము అనటం లేదు. ఆ రోజుల్లో ఉన్న సాధనంతో తెలుగును కంప్యూటరు మీదికి ఎక్కించిన ఘనత వారిదే. కాకపోతే వారు ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల నెంబర్ల మీద తెలుగు ముక్కలను కూర్చోబెట్టారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. కన్ను చూసి తెలుగు అంటుంది, కంప్యూటరు మాత్రం ఇంగ్లీషు అనుకొంటుంది. అందుచేతనే ఆ మేటరు కాపీ చేసి వర్డ్‌లో వేస్తే ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, చుక్కలు, గీతలు పడతాయి. వైరస్ వచ్చిందని కొందరు భయపడతారు. వైరస్ కాదు, పట్టీ మారింది, అంతే.

ఉర్దూ సంగతి ఇంకొంచెం పెద్దది. నస్తాలీఖ్ లిపి వాలుగా పైనుంచి కిందికి జారుతూ సాగుతుంది. ఒకే అక్షరం పక్కన ఏ అక్షరం ఉన్నదాన్ని బట్టి రూపు మారుతుంది. సీసపు అక్షరాలతో దాన్ని కూర్చటం మహా కష్టం. అందుకే ఉర్దూ పుస్తకాలు, పత్రికలు ఎంతో కాలం కాతిబులు చేత్తో రాసి ఇవ్వగా రాతి అచ్చు మీద, ఆ తరువాత ఆఫ్‌సెట్ మీద వేశారు. మద్రాసులో 1927లో మొదలైన 'ముసల్మాన్' అనే ఉర్దూ దినపత్రికను కంప్యూటర్ల కాలం వచ్చాక కూడా కాతిబుల చేత రాయించేవారు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ అనే ఖత్తాత్ మోనోటైప్ కంపెనీతో కలిసి సుమారు 20 వేల అక్షర కూర్పులు స్వయంగా రాసి, కంప్యూటరుకు అందించారు. తండ్రి నూర్ అహ్మద్ పేరిట దానికి నూరీ నస్తాలీఖ్ అని పేరు పెట్టారు. ఆ ఏడాదే లాహోరులో 'జంగ్' పత్రిక ఆ అక్షరాలతో వెలువడింది. 1994లో మన దేశంలోనే, ఢిల్లీ ప్రాంతానికి చెందిన కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ వారు ఇన్‌పేజ్ తయారుచేశారు. నూరీ నస్తాలీఖ్‌ను మామూలు కంప్యూటరు మీదికి తెచ్చినది అదే. నికాహ్ కార్డుల నుంచి పాఠ్యపుస్తకాల దాకా ఉర్దూ ప్రపంచమంతా దాన్ని వాడింది. మేము, మాలాంటి ఉర్దూ మీడియం ఉపాధ్యాయులు ప్రశ్నపత్రాలు తయారుచేసుకొన్నదీ దానిలోనే. అయితే పాత ఇన్‌పేజ్‌కు కూడా తన సొంత పట్టీ ఉన్నది. మూడో వెర్షనుతోగాని దానికి యూనికోడ్ రాలేదు.

మన సావనీరులో తెలుగు పేజీలు ఒక పట్టీలో, ఉర్దూ పేజీలు ఇంకొక పట్టీలో, రెండూ మన ఫోన్లకు తెలియని పట్టీల్లో ఉన్నవన్న మాట.

మన గోదావరి వాళ్ళకు తెలిసిన ఉపమానం ఒకటి చెబుతాము. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టారు. నది మట్టం ఒకటి, కాలువ మట్టం ఒకటి. పడవను నదిలోనుంచి కాలువలోకి ఎత్తి పడేయరు గదా. లాకులోకి తెచ్చి, తలుపులు మూసి, నీటి మట్టం సరిచేసి, అప్పుడు అవతలి తలుపు తీస్తారు. పడవా భద్రం, సరుకూ భద్రం. మేటరును ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకొక దానిలోకి తెచ్చేటప్పుడు కన్వర్టరు అనేది ఆ లాకు వంటిది. లాకు దాటిన తరువాత సరుకు లెక్క చూసుకోవటం పడవ వాడి పని, లాకు పని కాదు. ఈ రెండో మాట మరచిపోవద్దు.

ఇక పని ఎలా చేయాలో వరుసగా చెబుతాము. పిల్లలు కాగితం మీద రాసుకోండి.

మొదటిది. అసలు ఫైలును ముట్టుకోకూడదు. దానికి ఒక నకలు తీసి, నకలు మీదనే పని చేయవలెను. పాత సి.డి.లు, పెన్‌డ్రైవులు ఉంటే ముందు వాటిలో ఉన్నదంతా రెండు చోట్ల భద్రపరచాలి.

రెండవది. ఏ ఫైలు ఏ సాఫ్ట్‌వేర్‌లో చేశారో, ఏ ఫాంటో, ఏ వెర్షనో తెలుసుకోవాలి. కంపోజు చేసినవాళ్ళను అడిగితే నిమిషంలో చెబుతారు. అను ఆరో వెర్షను పట్టీ వేరు, ఏడో వెర్షను పట్టీ వేరు. కన్వర్టరులో తప్పు వెర్షను ఎంచుకొంటే సగం అక్షరాలు సరిగా, సగం అక్షరాలు వింతగా వస్తాయి. అప్పుడు కూర్చొని చేత్తో దిద్దటం మొదలుపెట్టవద్దు. వెర్షను మార్చి మళ్ళీ కన్వర్ట్ చేసి చూడండి.

మూడవది. పేజ్‌మేకర్‌లో మేటరు గళ్ళు గళ్ళుగా ఉంటుంది. శీర్షిక ఒక గడి, వ్యాసం ఒక గడి, రచయిత పేరు ఒక గడి. వ్యాసం కాపీ చేసి, రచయిత పేరు వదిలేయటం తరచుగా జరిగేదే. అందుకని పక్కన అచ్చు ప్రతి పెట్టుకొని గడి తరువాత గడి తీసుకోవాలి. పేజ్‌మేకర్ లేని కంప్యూటరైతే లిబ్రే ఆఫీస్ వేసుకోండి, అది ఉచితం. 2015లో వచ్చిన 4.4 వెర్షను నుంచి పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరిచే ఏర్పాటు అందులో ఉంది. ఫైలు తెరుచుకొన్నా మేటరు అను పట్టీలోనే ఉంటుంది గనుక కన్వర్టరు పని మాత్రం తప్పదు.

నాలుగవది. ఉర్దూకు వీలైతే పాత ఫైలును మూడో వెర్షను గాని, ఆ తరువాతది గాని ఉన్న ఇన్‌పేజ్‌లో తెరిచి, అక్కడ కాపీ చేసి వర్డ్‌లో వేసుకోండి. లేదంటే ఇన్‌పేజ్ నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉచితంగానే దొరుకుతున్నవి. వర్డ్‌లో వేసిన వెంటనే పేరాను కుడి నుంచి ఎడమకు నడిచేటట్టు పెట్టాలి. అది చేయకపోతే వాక్యం చివరి గుర్తు ముందుకొచ్చి కూర్చుంటుంది, బ్రాకెట్లు తిరగబడతాయి.

ఐదవది. సభ్యుల ఫోను నెంబర్లు, ఆధార్ నెంబర్లు, విరాళాల లెక్కలు ఉన్న జాబితాలను ముక్కూ మొహం తెలియని వెబ్‌సైట్లలో వేసి కన్వర్ట్ చేయవద్దు. అలాంటి వాటిని మన కంప్యూటరులోనే పనిచేసే కన్వర్టరుతో మార్చుకోవాలి. చిన్న జాబితా అయితే మళ్ళీ టైపు చేసుకోవటమే మేలు. నలుగురి వివరం మన దగ్గర అమానత్. అమానత్‌ను వీధిలో పెట్టకూడదు.

ఇంతవరకు లాకు దాటించే పని. ఇప్పుడు సరుకు లెక్క చూసుకోవాలి. అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి, ఎందుకంటే పూర్తిగా పాడైన అక్షరం కంటికి తగులుతుంది, కొద్దిగా మారిన అక్షరం తగలదు.

అంకెలు చూడండి. కొన్ని కన్వర్టర్ల నుంచి ఉర్దూ మేటరులోని అంకెలు తిరగబడి వస్తాయి. 1952 కాస్తా 2591 అయితే మనం నవ్వి దిద్దుకొంటాం. కాని ఖబరస్తాన్ సర్వే నెంబరు 152 అనుకోండి. అది 251 అయి వస్తే చూసినవాడికి అనుమానం రాదు. అది కూడా నెంబరే గదా! ఆ కాగితం ఆఫీసులో దాఖలైన తరువాత తెలిస్తే ఎంత తిరగాలి? అందుచేత అంకెలన్నీ ఒకరు పైకి చదువుతుండగా, ఇంకొకరు అచ్చు ప్రతిలో వేలు పెట్టి చూడవలెను. ఇంటిలో నానమ్మ చిట్టీ లెక్క చూసే పద్ధతే. అంతకంటే మంచి పద్ధతి ఏ కంపెనీ కనిపెట్టలేదు.

ఇంగ్లీషు మాటలు చూడండి. అను పట్టీ ఇంగ్లీషు నెంబర్ల మీదే కూర్చున్నదని చెప్పాము. కాబట్టి మధ్యలో ఉన్న నిజమైన ఇంగ్లీషు మాటను కూడా కన్వర్టరు తెలుగే అనుకొని ఏదో తెలుగు కింద మార్చేస్తుంది. ఈమెయిలు చిరునామాలు, డిగ్రీలు, కంపెనీల పేర్లు అన్నీ తిరిగి టైపు చేయాలి.

తెలుగులో ఇంకొక సూక్ష్మం ఉన్నది. 'సాఫ్ట్‌వేర్' అని రాస్తే 'ట్' పొల్లుగా నిలబడాలి. దానికోసం యూనికోడ్‌లో కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది. అది జారిపోతే 'ట' కింద 'వ' ఒత్తు పడి 'సాఫ్ట్వేర్' అవుతుంది. మన పేర్లకు ఇది మరీ ముఖ్యం. 'ఇక్బాల్' అని ఒత్తుతో రాసుకొనేవాళ్ళున్నారు, 'ఇక్‌బాల్' అని విడిగా రాసుకొనేవాళ్ళున్నారు. కంప్యూటరు లెక్కలో ఇవి రెండు పేర్లు.

ఉర్దూలో ఖాళీల గొడవ ఉంది. అలిఫ్, దాల్, రే, వావ్ వంటి అక్షరాలు తరువాతి అక్షరాన్ని కలుపుకోవు. వాటితో మాట అయిపోతే ఖాళీ కొట్టకపోయినా చూపులకు విడిగానే కనబడుతుంది. అందుకని ఇన్‌పేజ్‌లో చాలామంది ఖాళీ కొట్టేవారు కాదు. వర్డ్‌లోకి వచ్చాక రెండు మూడు మాటలు కలిసి ఒకే మాటగా లెక్కకొస్తాయి. వెతికితే దొరకవు.

ఇంకా ఒకటి, మేము బడిలో పిల్లలకు మరీ మరీ చెప్పేది. ఉర్దూ 'యే' నెంబరు 1740, అరబీ 'యే' నెంబరు 1610. ఉర్దూ 'కాఫ్' 1705, అరబీ 'కాఫ్' 1603. ఉర్దూ 'గోల్ హే' 1729, అరబీ 'హే' 1607. మాట మధ్యలో ఇవి చూడటానికి దాదాపు ఒకే తీరు. ఫోను కీబోర్డు అరబీ మీద ఉండగా ఉర్దూ కొడితే పైకి అంతా బాగానే ఉంటుంది. తీరా 'కరీమ్' అని వెతికితే కంప్యూటరు లేడంటుంది. మనిషి ఎదురుగా ఉన్నాడు, పట్టీలో లేడు! కాబట్టి కన్వర్ట్ చేసిన తరువాత వర్డ్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ పెట్టి ఉర్దూ మేటరు వరకు ఈ అక్షరాలన్నీ ఉర్దూ నెంబర్లకు మార్చుకోవాలి.

"ఉర్దూ మేటరు వరకు" అని ఊరికే అనలేదు. ఖుర్ఆన్ ఆయతులు, హదీసుల అరబీ మూలం ఈ మార్పుల్లో కలవకూడదు. జేర్, జబర్ ఒకటి తప్పిపోతే అర్థం మారిపోతుందని మనకు తెలుసు. కన్వర్టరుకు ఆ భయభక్తులు ఉండవు. అందుచేత వ్యాసంలో ఆయతు ఉన్నచోట కన్వర్ట్ అయి వచ్చినదాన్ని తీసివేసి, సరిచూసిన ముస్హఫ్ నుంచి తిరిగి పెట్టి, హాఫిజ్ సాహెబ్‌కు గాని ఇమామ్ సాహెబ్‌కు గాని చూపించిన తరువాతే ఉంచవలెను. ప్రవక్త పేరు పక్కన వేసే సల్లల్లాహు అలైహి వసల్లమ్ గుర్తు ఇన్‌పేజ్‌లో ఒకే బొమ్మగా ఉంటుంది. లాకు దాటేటప్పుడు అది జారిపోవచ్చు. యూనికోడ్‌లో దానికి 65018 అనే సొంత నెంబరు ఉన్నది. పేరు పేరునా చూసి తిరిగి పెట్టుకోవాలి.

సరే, మేటరు శుభ్రంగా వర్డ్‌లోకి వచ్చింది. ఇక దిద్దటం. ఇక్కడ ఆఫీసు ప్రోగ్రాముల వల్ల మనకు గొప్ప సౌకర్యం కలదు. ట్రాక్ ఛేంజెస్ అని ఒకటి ఉంటుంది. అది పెట్టి దిద్దితే ఏ మాట తీశారు, ఏ మాట చేర్చారు, ఎవరు చేశారు అన్నది రంగు మారి కనబడుతుంది. నిబంధనావళి సవరించేటప్పుడు కమిటీలో "ఈ మాట ఎవరు పెట్టారు?" అన్న ప్రశ్న రాకుండా పోదు. సమాధానం ఫైలులోనే ఉంటే కోపతాపాలు తగ్గుతాయి. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నడిచే సంఘాలకు నిబంధనల మార్పు ఇష్టం వచ్చినట్టు చేసే పని కాదు. పాత మాట, కొత్త మాట పక్కపక్కన చూపి సభ ఆమోదం తీసుకోవటానికి ఇది చక్కటి సాధనం.

అయితే దిద్దటంలో ఒక హద్దు పాటించాలి. మనుషుల పేర్లు మనం దిద్దకూడదు. మహమ్మద్, మొహమ్మద్, ముహమ్మద్. షేక్, షేఖ్. ఏది శుద్ధమైన ఉచ్చారణ అని తరగతిలో అడిగితే మేము చెప్పగలము. కాని రికార్డులో ఎలా ఉన్నదో అలాగే ఉండాలి. ఒక పిల్లవాడి పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, మన జాబితాలో ఇంకొకలా ఉంటే వాడి స్కాలర్‌షిప్ దరఖాస్తు ఎక్కడో ఒకచోట ఆగుతుంది. వాడి తండ్రి రోజు కూలి పోగొట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. ఒక్క అక్షరం విలువ ఎంతో ఆ తండ్రిని అడగండి.

అలాగే మన పెద్దలు రాసిన వ్యాసాల్లో భాషను నేటి పద్ధతికి మార్చవద్దు. అచ్చుతప్పు దిద్దవచ్చు. వారి పలుకు, వారి నుడికారం వారివే.

మరి ఫైలే లేకపోతే? కంపోజింగ్ సెంటరు ఎప్పుడో మూసేశారు, కంప్యూటరు పాత సామానుకు వేశారు, అచ్చు ప్రతి ఒక్కటే మిగిలింది. అప్పుడు కూడా దారి ఉంది. పేజీని స్పష్టంగా ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి రాతగా ఇస్తుంది. తెలుగు అచ్చుకు బాగానే పనికొస్తుంది, తప్పులు మాత్రం చూసుకోవాలి. నస్తాలీఖ్‌కు తప్పులు ఎక్కువ. కాతిబు చేతిరాత అయితే మనిషే చదివి టైపు చేయవలసినది. ఆ పని బరువే, కాని నెలకు నాలుగు పేజీలు చేసినా ఏడాదికి ఒక సావనీరు బయటపడుతుంది.

ఇక్కడ కొందరు పెద్దలు ఒక అభ్యంతరం చెబుతారు. "పి.డి.ఎఫ్. ఉన్నది గదా, చాలదా?" అంటారు. పి.డి.ఎఫ్. అంటే పేజీకి తీసిన ఫొటో లాంటిది. చూడటానికి, అచ్చు వేయటానికి భేషైనది. కాని అను మేటరు పి.డి.ఎఫ్.లో నుంచి కాపీ చేస్తే మళ్ళీ అవే డాలరు గుర్తులు. ఫొటోలో ఉన్న మనిషి చేత పని చేయించలేము గదా! యూనికోడ్‌లో ఉన్న వ్యాసమైతే వెతకవచ్చు, పేర్ల వరుస సరిచేయవచ్చు, ఫోనులో పంపవచ్చు, చూపు తగ్గిన పెద్దలకు ఫోనే పైకి చదివి వినిపించేటట్టు చేయవచ్చు.

ఇంకొక అభ్యంతరం అందం గురించి. "ఇన్‌పేజ్ నస్తాలీఖ్ సొగసు వర్డ్‌లో ఎక్కడ వస్తుంది?" అంటారు. ఈ మాటలో న్యాయం ఉంది. ఒకప్పుడు వర్డ్‌లో ఉర్దూ అంటే అరబీ నస్ఖ్ అక్షరాలే గతి. నేడు జమీల్ నూరీ నస్తాలీఖ్, గూగుల్ వారి నోటో నస్తాలీఖ్ ఉర్దూ వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఉన్నవి. తెలుగుకు 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది, ఇంకా పోతన, మండలి, రామభద్ర వంటివెన్నో వచ్చినవి. అయినా మేము డి.టి.పి. వాళ్ళ పని ఆపమనటం లేదు. పేజీ అందం వాళ్ళ విద్య. వాళ్ళు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా పేజీ కూర్చనివ్వండి. మనం అడిగేది ఒక్కటే: మూల ప్రతి యూనికోడ్‌లో మన దగ్గర ఉండాలి. పెళ్ళికూతురిని అలంకరించేవారు అలంకరిస్తారు, బిడ్డ మాత్రం మన బిడ్డ.

ఇక సొసైటీ ముందు మా ప్రతిపాదనలు పెడుతున్నాము. ఇక మీదట సావనీరుకు వ్యాసాలు యూనికోడ్‌లోనే తీసుకోవాలి. కంపోజింగుకు ఇచ్చేటప్పుడే చివరి ప్రూఫు దిద్దిన మేటరును యూనికోడ్‌లో తిరిగి ఇవ్వాలని మాట తీసుకోవాలి. పాత సావనీర్లు ఉన్న ఇళ్ళవారు వాటిని నకలు తీసుకొనేందుకు ఇవ్వాలి. సెలవుల్లో డిగ్రీ, ఇంటర్ చదివే మన ఆడపిల్లలు, మగపిల్లలు పదిమంది ఈ పని నేర్చుకొంటే వారికి చేతి విద్య అవుతుంది, సొసైటీకి ఖిద్మత్ అవుతుంది. నేర్పటానికి మేము సిద్ధము.

చివరగా ఒక్క మాట. కన్వర్టరు ఎంత మంచిదైనా, అచ్చు ప్రతి పక్కన పెట్టుకొని "ఇది సరే, ఇది తప్పు" అని చెప్పగలిగే మనిషి కావాలి. తెలుగుకు అలాంటివారు ఇంటింటా ఉన్నారు. ఉర్దూకు? మన ఇళ్ళలో ఉర్దూ మాట్లాడేవారు ఉన్నారు, చదివేవారు తగ్గుతున్నారు. ఈ హాలులో కూర్చున్నవారిలో నస్తాలీఖ్ తడుముకోకుండా చదవగల చేతులు ఎత్తమంటే, ఎక్కువగా నెరసిన గడ్డాల మధ్య నుంచే లేస్తాయి. ఫైలు పదేళ్ళ తరువాత కూడా దొరకవచ్చు, కన్వర్టరు ఇప్పటికంటే మెరుగుపడవచ్చు. ఆ పాత రచయిత ఏ మాట రాశారో, అది ఏ వీధి పేరో, ఏ ఇంటి మనిషి పేరో గుర్తుపట్టి చెప్పే పెద్దలు మాత్రం అప్పుడు దొరకరు. కాబట్టి పిల్లలను కంప్యూటరు ముందు, పెద్దలను వాళ్ళ పక్కన కూర్చోబెట్టండి. పిల్లలు వేళ్ళు ఇస్తారు, పెద్దలు కళ్ళు ఇస్తారు. ఇద్దరూ కలిసి కూర్చొనే ఆ గంట సేపులో పిల్లలకు నాలుగు ఉర్దూ అక్షరాలు అంటుకొన్నా అది మనకు దక్కిన లాభమే.

 అల్లాహ్ మన చేత మంచి పని చేయించుగాక, మన పెద్దల రాతలను మన పిల్లల చేతికి భద్రంగా అందించే తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుమ్.